చర్నాకోల అల్లిన చేతులు



ఈ వారం కొరడాలు అల్లడం గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే మా ఇంట్లో అందరూ నవ్వారు. "ఇన్నాళ్ళూ మాటలతోనే నెట్టుకొచ్చావు, ఇక అది కూడా చేతికొస్తే మా గతేమిటి?" అన్నారు మావారు. మా పిన్నిగారైతే నొచ్చుకున్నారు కూడా. "ఆడవాళ్ళ కార్యక్రమంలో చెప్పడానికి నీకింకేమీ దొరకలేదుటే? ఊలు అల్లికలున్నాయి, పూసల పని ఉంది, జరీ పువ్వులున్నాయి" అని మందలించారు. ఆవిడ మాటా నిజమే. కానీ అల్లిక అన్నాక ఊలుతో అల్లినా, పూలతో అల్లినా, తోలుతో అల్లినా వేళ్ళు చేసే పని ఒక్కటే. ఆ వేళ్ళ వెనక ఎవరున్నారు, వాళ్ళకేం దక్కింది అన్నది మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఈ మాటలు ఆ సంగతి చెప్పుకోవడానికే.

ముందు మనకు బాగా తెలిసిన చోటు నుంచి మొదలుపెడదాం. మన జడ. రోజూ పొద్దున్నే బడికి వేళవుతుంటే, అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుని మూడు పాయలు తీసి చకచకా అల్లేస్తాం. పండగనాడైతే అయిదు పాయలో, ఏడు పాయలో తీస్తాం. జడ పైన లావుగా మొదలై, కిందికి వచ్చేసరికి సన్నబడి, చివర కుచ్చులతో ముగుస్తుంది. వెంట్రుకలన్నీ ఒక్క పొడుగున ఉండవు కాబట్టి ఆ సన్నబడడం దానంతటదే వస్తుంది. ఇప్పుడు ఆ జడనే ఆరేడు అడుగుల పొడుగున ఊహించుకోండి. వెంట్రుకల బదులు తోలు పాయలు. పైన ఒక పిడి. చివర ఒక కుచ్చు. కొరడా అంటే అదే. కాకపోతే మన జడలో దానంతటదే వచ్చే సన్నదనం, కొరడాలో పనివాడు లెక్క చూసి తెచ్చుకోవాలి. విద్యంతా అక్కడే ఉంది.

ఆస్ట్రేలియా దేశంలో పశువుల కాపరులు వాడే కొరడాను ఉదాహరణగా తీసుకుంటాను. చేతి పనిగా తోలు కొరడా బాగా ఎదిగిన దేశాల్లో అది ఒకటి. ఇంగ్లండులో వేటకు వెళ్ళే గుర్రపు రౌతులు వాడిన పొట్టి కొరడాలోంచి ఇది పుట్టిందని చెబుతారు. పొట్టి పిడి, పొడుగాటి అల్లిక. పిడి సుమారు అడుగున్నర ఉంటుంది. పేము కర్రకు తోలు తొడిగి చేస్తారు. పిడికీ అల్లికకూ మధ్య తోలు ఉచ్చులతో ఒక కీలు. ఆ కీలు ఉండబట్టే గుర్రం మీద కూర్చున్న మనిషి దాన్ని భుజాన తేలిగ్గా వేలాడదీసుకోగలడు. అల్లిక అయిపోయాక రెండు అడుగులకు అటూఇటుగా ఒంటి తోలు ముక్క కడతారు. దాని చివర కుచ్చు. పూర్వం గుర్రపు వెంట్రుకతో చేసేవారు, తర్వాత పట్టుదారంతోనూ నైలానుతోనూ చేశారు. ముందుగా అరిగిపోయేది కుచ్చు, తర్వాత ఒంటి తోలు. ఆ రెండూ మార్చుకుంటూ పోతే అసలు అల్లిక ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. మన జడకు సవరాలు, కుచ్చులు మార్చుకున్నట్లే.

కొరడా ఎందుకు ఠాప్‌మని మోగుతుంది? నేలకో, జంతువుకో తగిలి మోగుతుందని నేను చాలా కాలం అనుకున్నాను. కాదట. గాలిలోనే మోగుతుంది. చేయి విసిరినప్పుడు అల్లికలో ఒక మెలిక పుడుతుంది. ఆ మెలిక పిడి దగ్గర నుంచి కొసకు పరుగెత్తుతుంది. లావుగా ఉన్న చోట మెల్లగా, సన్నబడిన కొద్దీ వేగంగా. కొసకు చేరేసరికి దాని వేగం శబ్ద వేగాన్ని మించుతుంది. అంటే గంటకు సుమారు 1,200 కిలోమీటర్లు దాటుతుందన్నమాట! ఆ మోత, విమానాలు శబ్ద వేగాన్ని దాటినప్పుడు వినిపించే మోత లాంటిదే, కాకపోతే బుల్లిది. మనిషి తన చేత్తో చేసిన వస్తువుల్లో శబ్ద వేగాన్ని మొట్టమొదట దాటింది కొరడాయేనని చెబుతారు. 1927లో ఫ్రాన్సులో కారియేర్ అనే ఆయన దీన్ని ఫోటోలు తీసి చూపించారు. 2002లో అమెరికాలో గొరీలీ, మెక్‌మిలన్ అనే ఇద్దరు గణిత శాస్త్రవేత్తలు లెక్క కట్టి, ఆ మోతకు అసలు మూలం కొస కన్నా పరుగెత్తే ఆ మెలికేనని తేల్చారు. లెక్కలు రాని పశువుల కాపరి మాత్రం ఈ సంగతి ఎప్పుడో చేత్తో కనిపెట్టాడు. పాయలు సరిగ్గా సన్నబడకపోతే మోత రాదని వాడికి తెలుసు.

ఇక తయారీ. ఆస్ట్రేలియావాళ్ళు మంచి కొరడాకు కంగారూ తోలు ఎన్నుకుంటారు. ఆ తోలు పల్చగా ఉండి కూడా గట్టిగా ఉంటుంది. దానిలోని నారలు పైపొరకు సమాంతరంగా, ఒక పద్ధతిగా పరుచుకుని ఉంటాయి. కొవ్వు తక్కువ. ఆవు తోలును అంత పల్చగా చెక్కితే తెగిపోతుంది, ఇది తెగదు. అందుకే రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు పాయలు కూడా తీయగలరు.

పాయలు తీయడం చూడడానికే ఒక వేడుక. తోలును ముక్కలుగా కోయరు. అంచున మొదలుపెట్టి చుట్టూ చుట్టూ లోపలికి కోసుకుంటూ పోతారు. మనం బంగాళాదుంప తొక్కు తెగకుండా ఒకే పట్టీగా తీస్తాం చూడండి, అలాగ. ఒక్క తోలులోంచి మూరల కొద్దీ పట్టీ వస్తుంది. చెయ్యి తిరిగిన పనివాడు కొలబద్ద వాడడు. ఎడమ చేతి బొటనవేలి గోరే వాడికి కొలబద్ద. తర్వాత ఆ పట్టీని లాగి, సాగేదంతా ముందే సాగనిస్తాడు. లేకపోతే అల్లాక సాగి వదులైపోతుంది. ఆ పైన అంచుల్ని లోపలివైపు నుంచి ఏటవాలుగా చెక్కుతాడు. అలా చెక్కితేనే పాయలు ఒకదాని పక్కన ఒకటి ఎగుడుదిగుడు లేకుండా ఒదుగుతాయి. సబ్బూ కొవ్వూ కలిపి ఉడికించిన జిడ్డు రాసుకుంటూ అల్లుతాడు.

అల్లిక ఒక్క వరస కాదు. లోపల ఒక సన్నని అల్లిక ఉంటుంది, దాన్ని కొరడాకు కడుపు అనుకోవచ్చు. దాని మీద తోలు పట్టీ చుట్టి, దానిపై మళ్ళీ అల్లుతారు. అన్నిటికన్నా పైన కంటికి కనిపించే అల్లిక. పైన పన్నెండు పాయలతో మొదలైనది, కిందికి వచ్చేకొద్దీ పది, ఎనిమిది, ఆరు, చివరికి నాలుగు అవుతుంది. వదిలేసిన పాయల్ని కోసి పారేయరు, లోపలికి మడిచి దాచేస్తారు. ఎక్కడ వదిలారో కంటికి కనపడకూడదు. అందుకే మంచి కొరడాను చూసి మెచ్చుకునేవాడు, లోపలి పనిని చూడలేక చేత్తో తడిమి చూస్తాడు. అల్లడం అయ్యాక చెక్క పలకల మధ్య పెట్టి దొర్లిస్తారు, చపాతీ కర్ర కింద పిండి దొర్లినట్లు. అప్పుడు గుండ్రంగా, నున్నగా తేలుతుంది.

ఇంతకీ ఆ దేశానికి ఈ కొరడా ఎలా వచ్చింది? 1788లో ఇంగ్లండు నుంచి ఖైదీలను ఎక్కించుకుని మొదటి ఓడలు సిడ్నీ తీరానికి చేరాయి. దారిలో ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రం దగ్గర కొన్ని పశువులను కొని తెచ్చారు. తెచ్చినవి ఎన్నో కావు, అరడజనుకు అటూఇటుగా. చేరిన కొద్ది నెలలకే అవి మేస్తూ మేస్తూ అడవిలోకి తప్పిపోయాయి. తిండికి కటకటలాడుతున్న వలసకు అది పెద్ద దెబ్బ. ఏడేళ్ళ తర్వాత, 1795లో, ఒక నది అవతల పచ్చిక బయళ్ళలో అవే పశువులు 60 పైచిలుకు మందగా కనిపించాయి. ఆ చోటుకు ఆవుల బీళ్ళనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనుషులు పట్టించుకోకపోతేనే పశువులు బాగుపడ్డాయని ఎవరైనా నవ్వుకుని ఉంటారు. కానీ పాలకులకు అర్థమైంది మరొకటి. ఈ నేల పశువులకు పనికొస్తుందని.

ఆ తర్వాత నూరేళ్ళలో మందలు దేశమంతా పరుచుకున్నాయి. కంచెలు లేవు, రోడ్లు లేవు. మందను ఒకచోటి నుంచి మరోచోటికి నడిపించుకుపోవాలంటే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పట్టేది. 1883లో డ్యూరాక్ కుటుంబం వారు 7,000 పైచిలుకు పశువులను తోలుకుని క్వీన్స్‌లాండ్ నుంచి పశ్చిమాన కింబర్లీ ప్రాంతానికి బయల్దేరారు. సుమారు 4,800 కిలోమీటర్లు. 1885లో చేరుకున్నారు. కరువుకీ, రోగాలకీ దారిలో సగం మంద పోయింది. ఈ కథంతా మనకు వివరంగా తెలుస్తోందంటే, ఆ ఇంటి ఆడపడుచు, పాట్రిక్ డ్యూరాక్ మనవరాలు మేరీ డ్యూరాక్, పాత ఉత్తరాలూ లెక్కల పుస్తకాలూ వెదికి 1959లో గ్రంథంగా రాశారు కాబట్టి. ఇంట్లో పాత కాగితాలు పారేసేముందు ఒక్కసారి ఆవిడను తలుచుకోవాలి మనం.

అలాంటి ప్రయాణాల్లో కాపరికి కొరడాయే గొంతు. మంచి కాపరి పశువును కొట్టడు. కొడితే బెదిరి మంద చెల్లాచెదరవుతుంది. పక్కన గాలిలో మోగిస్తే చాలు, మంద ఇటు తిరుగుతుంది. అయితే, ఊరికే మోగించడానికే అయితే అంత భయం ఎందుకు దాని పేరు చెబితే అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. అదే దేశంలో అదే కాలంలో ఖైదీల వీపుల మీద తొమ్మిది తోకల కొరడా ఆడింది. దొంగతనానికీ, ఎదురు మాట్లాడినందుకూ పదులు, వందల దెబ్బలు. తూర్పు తీరంలో న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీలను పంపడం 1840లో ఆగింది. పశ్చిమ తీరానికి 1868 దాకా పంపుతూనే ఉన్నారు. అమెరికా పత్తి తోటల్లో బానిసల మాట సరేసరి. అల్లిన చేతికి అది పనితనం, తగిలిన వీపుకు అది వాత. ఈ రెండో సంగతి దాచిపెట్టి మొదటిదాన్ని మాత్రమే పొగిడితే అది చరిత్ర కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ పచ్చిక బయళ్ళు ఖాళీ నేలలు కావు. వేల ఏళ్ళుగా అక్కడ ఉంటున్న ఆదివాసులవి. మందలొచ్చి వాళ్ళ నీటి గుంటల్ని ఆక్రమించాయి. ఆ తర్వాత ఆ మందల్నే కాయడానికి ఆ ఆదివాసులే కూలీలయ్యారు. గుర్రపు స్వారీలో, కొరడా పనిలో వాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. ఆడవాళ్ళు కూడా పశువుల వెంట తిరిగారు, యజమానుల ఇళ్ళలో వంటా వార్పూ చేశారు. కూలీ మాత్రం చాలాచోట్ల పిండి, పంచదార, తేయాకు, పాత బట్టలు. 1966 ఆగస్టులో ఉత్తర ప్రాంతంలోని వేవ్ హిల్ అనే చోట విన్సెంట్ లింగియారి అనే గురిండ్జి పెద్ద నాయకత్వంలో సుమారు 200 మంది, ఆడా మగా పిల్లలతో సహా, పని మానేసి నడిచి వెళ్ళిపోయారు. మొదట కూలీ కోసం అనుకున్న ఆ సమ్మె నేల కోసం పోరాటమైంది. తొమ్మిదేళ్ళు సాగింది. 1975 ఆగస్టులో ఆస్ట్రేలియా ప్రధాని విట్లమ్ స్వయంగా వచ్చి, గుప్పెడు మట్టి తీసి లింగియారి అరచేతిలో పోశారు. వాళ్ళ నేల వాళ్ళకు తిరిగి ఇవ్వడానికి అది గుర్తు.

ఇప్పుడు అమెరికాకు వెడదాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో వెస్ట్‌ఫీల్డ్ అనే ఊరు ఉంది. దానికి కొరడాల నగరమని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్ళో డజన్ల కొద్దీ కొరడా కర్మాగారాలు ఉండేవి. మన జట్కావాడి చేతిలో ఉండేలాంటి బండి కొరడాలు అక్కడ తయారై దేశదేశాలకు వెళ్ళేవి. లోపల తిమింగలం నోటి ఎముకో, పేమో పెట్టి, పైన దారం అల్లేవారు. అల్లికకు యంత్రాలు వచ్చాయి. ఆ యంత్రం ఎలా ఉంటుందో చెప్పడం మన తెలుగువాళ్ళకు చాలా తేలిక. మన జడకోలాటం చూశారుగా? మధ్యలో కర్రకు రంగురంగుల తాళ్ళు వేలాడదీసి, పిల్లలు ఒకరికొకరు ఎదురుగా లోపలికీ బయటికీ తిరుగుతూ ఆడుతుంటే, పైన జడ అల్లుకుపోతుంది. సరిగ్గా అదే. పిల్లల బదులు దారపు కండెలు. ఆ కండెలు తిరిగే గదుల్లో ఎందరో ఆడవాళ్ళు కూలికి పనిచేశారు.

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారు బజారులోకి వచ్చింది. గుర్రపు బండి పోయింది. బండితో పాటు కొరడా పోయింది. ఒకటొకటిగా కర్మాగారాలు మూతపడ్డాయి. ఎంతగానంటే, కాలం మారిందని తెలుసుకోలేక మునిగిపోయిన వ్యాపారానికి ఉదాహరణగా బండి కొరడాను చూపించడం అమెరికాలో రివాజైంది. 1960లో థియోడోర్ లెవిట్ అనే ఆచార్యుడు రాసిన పేరున్న వ్యాసంలో కూడా ఈ మాట వస్తుంది. వ్యాపార పాఠాలు చదివేవాళ్ళకు అదొక సామెత. కండెల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకు అది సామెత కాదు, పోయిన జీతం.

ఆస్ట్రేలియాలో ఆ రోజు కాస్త ఆలస్యంగా వచ్చింది. కంచెలు వచ్చాయి, లారీలు వచ్చాయి. 1960ల తర్వాత మోటారు సైకిళ్ళతోనూ, హెలికాప్టర్లతోనూ మందలు తోలడం మొదలైంది. కొరడా అవసరం తగ్గింది. అవసరం తగ్గితే చేసేవాడూ తగ్గుతాడు. ఆ పనివాళ్ళలో చాలామంది తమ విద్యను దాచుకునేవాళ్ళు. పాయలు ఎక్కడ వదలాలి, కడుపులో ఏం పెట్టాలి అన్నది కన్న కొడుక్కు తప్ప చెప్పనివాళ్ళూ ఉన్నారు. తప్పు పట్టలేం. అదే వాళ్ళ అన్నం. కానీ కొడుకు పట్నం వెళ్ళిపోయి లారీ నడుపుతుంటే, ఆ విద్య ముసలాయనతోనే పోతుంది.

అలా పోకుండా ఆపినవాళ్ళు ఎవరనుకున్నారు? కొరడా అవసరం బొత్తిగా లేనివాళ్ళు! సరదాకి నేర్చుకున్నవాళ్ళు. అమెరికాలో బ్రూస్ గ్రాంట్ అనే పత్రికా రచయిత తోలు అల్లికల మీద 1950లో పుస్తకం వేశారు. 1972లో మరీ పెద్దది, వందల బొమ్మలతో, ఒక నిఘంటువు లాంటిది తెచ్చారు. అదే 1972లో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన డేవిడ్ మోర్గాన్ కొరడాల తయారీ మీద పుస్తకం రాశారు. ఆస్ట్రేలియాలో రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన ఉండేవారు. 1930లో పుట్టి 2008లో పోయారు. చిత్రకారుడు, జానపద పాటలు సేకరించినవాడు. పల్లెలు తిరిగి, ముసలి పనివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ వేళ్ళు కదిలే తీరును అడుగు అడుగునా బొమ్మలు గీసి అచ్చు వేశారు. కొరడా ఒక్కటే కాదు, ముళ్ళు వేయడం దగ్గర నుంచి గుడిసె కట్టడం దాకా అన్నీ. ఆ బొమ్మలు చూసుకుని బడి పంతుళ్ళు, గుమాస్తాలు, ఇల్లాళ్ళు సాయంకాలాలు వంటింటి బల్ల మీద అల్లడం నేర్చుకున్నారు. దాచుకున్న విద్య పోయే చోట పంచిన విద్య నిలిచింది.

1981లో ఇండియానా జోన్స్ కథానాయకుడిగా హాలీవుడ్ సినిమా వచ్చింది. ఆ హీరో చేతిలో కొరడా మీ పిల్లలు చూసే ఉంటారు. దాన్ని చేసింది ఇందాక చెప్పిన డేవిడ్ మోర్గానే, కంగారూ తోలుతో. ఆ సినిమా చూసి ఎక్కడెక్కడి కుర్రవాళ్ళో అల్లిక నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2000 సంవత్సరం సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభమైంది కూడా కొరడా మోతతోనే. స్టేడియంలోకి ఒకే ఒక్క రౌతు గుర్రం మీద దూసుకొచ్చి, గుర్రాన్ని వెనక కాళ్ళ మీద లేపి, కొరడా మోగించాడు. ఆ వెంటనే 120 మంది రౌతులు వచ్చారు. ఖైదీల వీపు మీద మోగిన చప్పుడు రెండు వందల ఏళ్ళకు ఒక దేశం పండగ చప్పుడైంది. దాన్ని ఎలా వినాలన్నది విన్నవాళ్ళ ఇష్టం. లింగియారి మనవళ్ళు ఎలా విన్నారో నాకు తెలుసుకోవాలని ఉంది.

నేర్చుకోవాలని ఎవరికైనా సరదా పుడితే తోలే అక్కర్లేదు. కంగారూ తోలు వాడడం ఇష్టం లేనివాళ్ళూ ఉన్నారు. కాలిఫోర్నియాలో 1971లోనే ఆ సరుకు అమ్మకం మీద నిషేధం పెట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలామంది పారాచూట్ల కోసం పుట్టిన నైలాను తాడుతోనే మొదలుపెడతారు. ముందు నాలుగు పాయల గుండ్రటి అల్లిక నేర్చుకోవాలి. ఇంట్లో నాలుగు రంగుల నవారు ముక్కలో, ఊలు దారాలో తీసుకోండి. పైన ముడి వేసి, గోడ మేకుకు తగిలించండి. రెండు ఎడమ చేతికి, రెండు కుడి చేతికి. కుడివైపు చివరిదాన్ని తీసి, పక్కనున్న రెండింటి వెనక నుంచి పోనిచ్చి, ఎడమవైపు రెండింటి మధ్యలోంచి ముందుకు తెచ్చి, లోపలిదాని మీదుగా మళ్ళీ కుడివైపుకే తెచ్చేయండి. తర్వాత ఎడమవైపు చివరిదానితో అలాగే. అంతే. పది నిమిషాల్లో చేతికి వస్తుంది. మూడు పాయల జడ బల్లపరుపుగా వస్తుంది, ఇది గుండ్రంగా వస్తుంది. తాళం చెవికి గొలుసులా వాడుకోవచ్చు, చేతిసంచికి పట్టీ చేసుకోవచ్చు. కొరడా కానక్కర్లేదు.

కొరడా మన పశువుల కోసం కావద్దు కూడా. ఈ సందర్భంలో రుక్మిణీదేవి అరండేల్ గారిని తలుచుకోవాలి. భరతనాట్యం ఆవిడ వల్ల ఎంత గౌరవం పొందిందో అందరికీ తెలుసు. రాజ్యసభ సభ్యురాలిగా ఆవిడ నోరులేని జీవాల తరఫున మాట్లాడారు. ఆవిడ పట్టుదల వల్లనే 1960లో జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు.

చివరిగా నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు. చెప్పులు కుట్టేవాడు, మోటకు తోలు తొట్లు కుట్టేవాడు, బళ్ళవాళ్ళకు చర్నాకోలలు అల్లేవాడు. ఊరికి ఎడంగా వాళ్ళ ఇళ్ళు. వేసవి సెలవుల్లో మా తాతయ్య చర్నాకోల తెగితే, పాలేరుతో పాటు నేనూ అక్కడికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళు ఉంటాయి నాకు. ఆయన వేపచెట్టు కింద కూర్చుని, కాలి బొటనవేలికి పాయల మొదలు తగిలించుకుని అల్లుతున్నాడు. కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆగడం లేదు. అచ్చం మా అమ్మమ్మ నాకు జడ వేస్తూ వీధిలోవాళ్ళతో మాట్లాడుతున్నట్లే ఉంది. "ఇది జడేగా తాతా?" అన్నాను. ఆయన నవ్వి, "అవునమ్మా, ఎద్దుల జడ" అన్నాడు. "నాకూ నేర్పవూ?" అని చెయ్యి చాచాను. పాలేరు గభాలున నా చెయ్యి వెనక్కి లాగేశాడు. ముసలాయన ఏమీ అనలేదు. తల వంచుకుని అల్లుకున్నాడు. ఇంటికి రాగానే అమ్మమ్మ నన్ను పెరట్లో నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసింది. తోలు ముట్టుకోనేలేదు నేను, పోనివ్వలేదుగా!

ఆయన ఎన్ని పాయలతో అల్లాడో నాకు తెలియదు. ఎక్కడ వదిలేవాడో తెలియదు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. తరవాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు పోయాయి. మళ్ళీ నేను పెద్దదాన్నై ఆ ఊరు వెళ్ళేసరికి ఆయన లేడు, చెట్టూ లేదు. ఆస్ట్రేలియాలో ఎవరో ముసలాయన వేళ్ళ కదలిక మాత్రం పుస్తకంలో బొమ్మలుగా చూసి, ఈ వయసులో, నా వంటింట్లో కూర్చుని నేర్చుకున్నాను. నాకు చేతికి అందే దూరంలో ఉన్నవాడి దగ్గర నేర్చుకోలేకపోయాను. అక్కడ విద్యను దాచుకున్నది పనివాడు. ఇక్కడ ఆయన దాచుకోలేదు, చెప్పడానికి ఒప్పుకున్నాడు. చెయ్యి వెనక్కి లాగింది మనమే.

కాబట్టి సోదరీమణులారా, మీ ఊళ్ళలో, మీ వీధుల్లో, చేత్తో ఏదైనా చేసే పెద్దవాళ్ళు ఇంకా ఉండి ఉంటారు. బుట్టలు అల్లేవాళ్ళు, చాపలు నేసేవాళ్ళు, డప్పుకు తోలు బిగించేవాళ్ళు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పక్కన కూర్చుని అడగండి. మీ పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. ముందుగా పేరు అడగండి. తర్వాత పాయలు లెక్కపెట్టండి.